ఎకానమీ అంటే ఎక్కడ ఏం లెక్క? – ట్రాక్టర్ లివర్ నుంచి జిల్లా ఆదాయం దాకా

చెల్క_భూమి (నాగర్‌కర్నూల్)
అందరికీ నమస్తే. ట్రాక్టర్ పీటీవో (వెనక పనిముట్టును తిప్పే షాఫ్ట్) లివర్ మీద 540ఈ అని ఉంటది, ఆ ఈ అంటే ఎకానమీ అంటరు. రైలు టికెట్ల 3ఈ ఉన్నది, అదీ ఎకానమీయే. మిర్యాలగూడ మిల్లులల్ల బాయిలర్‌కు ఎకనమైజర్ ఉంటదట. బైకు డయల్ మీద ఎకానమీ గీత. పేపర్ తెరిస్తే రాష్ట్ర ఎకానమీ ఇంత పెరిగింది, అంత పెరిగింది. డిక్షనరీ అర్థాలు వద్దు. ఎక్కడ ఏది మిగుల్తది, ఎంత మిగుల్తది, ఎట్ల కొలవాలె, ఎక్కడ దెబ్బ తింటం? పని తెలిసినోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

జడ్చర్ల_గేర్‌బాక్స్
ట్రాక్టర్ సంగతి నేను చెప్త అన్నా.

పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతదని లెక్కేసుకొనే దానికి తగిలించే పనిముట్లు తయారైతయి. మామూలు 540 గేరుల ఆ వేగం రావాలంటే బండిని బట్టి ఇంజిన్‌ను 1,700 నుంచి 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా లేపాలె. 540ఈల పెడితే లోపల పండ్ల జత మారుతది, అదే 540 చుట్లు 1,500–1,600 కాడనే వచ్చేస్తయి. ఇంజిన్ ఎంత వేగంగ తిరిగితే లోపలి రాపిడికి అంత డీజిల్ పోతది, పని చేసినా చేయకున్నా. తేలిక పనికి ఇంజిన్‌ను అంత వేగంగ తిప్పుడు దండగ, అందుకే ఈ గేరు.

పనికొచ్చేటివి: బూమ్ స్ప్రేయర్, ఎరువు చల్లే స్ప్రెడర్, చిన్న జనరేటర్, తక్కువ ఎత్తుకు నీళ్లు తోడే పంపు.
పనికిరానివి: రేగడి భూమిల రోటావేటర్, థ్రెషర్, గడ్డి కట్టలు కట్టే బేలర్. 1,550 కాడ ఇంజిన్ పూర్తి హెచ్‌పీ ఇయ్యదు. బరువు పడంగనే ఆర్‌పీఎం దిగుతది, నల్లపొగ వస్తది, చుట్లు 540 కన్నా తక్కువైతయి, మట్టి పెడ్డలు పెడ్డలుగనే ఉంటది. మల్లొకసారి దున్నాలె. మిగిలిన డీజిల్ అక్కడనే పాయె.

అసలు నష్టం ఇంకోటి ఉన్నది. మామూలు గేరుల 1,900 కాడ, 540ఈల 1,550 కాడ 540 చుట్లొచ్చే బండి అనుకోండి. డ్రైవర్ 540ఈల పెట్టి అలవాటు కొద్ది 1,900 దాకా లేపిండు. షాఫ్ట్ 660 చుట్లు దాటుతది. 2,200 లేపితే 766. స్ప్రేయర్ పంపుల డయాఫ్రం పలుగుతది, స్ప్రెడర్ గింజలను దూరం కొడ్తది, నడుమ పట్టీ ఉత్తగ మిగుల్తది. జనరేటరైతే 50 హెర్ట్జ్‌కు బదులు 61 వస్తది, వోల్టేజీ సుత పైకి పోతది, ఇంటి సామాను కాలుతది.

పద్ధతి: క్లచ్ పూర్తిగ తొక్కి, షాఫ్ట్ ఆగినంక లివర్ మార్చాలె. త్రాటిల్ కింద నుంచి మెల్లగ లేపుకుంట మీటర్ మీద 540ఈ గుర్తు కాడ ఆపాలె. పని మొదలైనంక ముల్లు 150 కన్నా ఎక్కువ దిగిందంటే బరువు ఎక్కువున్నట్టే. మామూలు 540కి పోవాలె.

హాలియా_ఎడమకాల్వ
గంటకు ఎంత డీజిల్ తాగుతుందో చూసి 540ఈ బాగుందంటున్నారు చాలామంది. కిరాయి ట్రాక్టర్‌కు గంట లెక్క సరే, సొంత పొలానికి గంట లెక్క ఎందుకు?

జడ్చర్ల_గేర్‌బాక్స్
కరెక్టే అన్నా. కొలిచేది ఎకరానికే. చదునైన జాగల బండి నిలిపి ట్యాంకు మూతి దాకా నింపాలె, బుడగలు పోయేదాకా జర ఆగి మల్ల నింపాలె. కొలిచిన ఒక్క ఎకరం పని చేయాలె. అదే జాగల నిలిపి లీటర్ జార్‌తోని మల్ల మూతి దాకా నింపాలె. ఎంత పట్టిందో అదే ఎకరం ఖర్చు. రోటావేటర్‌కు ఒక సాలుకు 4 నుంచి 6 లీటర్లు మామూలు. అంతకు మించితే మొదలు టైర్లు చూడాలె. వెనక చక్రం జారుడు నూటికి 15 దాటితే డీజిల్ మట్టిల పోసినట్టే.

జారుడు కొలుచుడు అల్కగనే ఉంటది. టైరు మీద సుద్ద గీత గీసి, పనిముట్టు లేపి 10 చుట్లకు ఎంత దూరం పోయిందో కొలవాలె. పనిముట్టు దించి, పని చేసుకుంట మల్ల 10 చుట్లు. ఖాళీగ 40 మీటర్లు పోయి, పనిల 34 పోయిందంటే జారుడు 15 శాతం. కరిగెట దున్నేటప్పుడు ఈ లెక్క నడువదు, అది వేరే సంగతి.

మిర్యాలగూడ_ఆవిరి
ఇక మిల్లుకు వద్దాం. ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి మూడు చోట్ల కావాలి: వడ్లు నానబెట్టే నీళ్లు కాచడానికి, వడ్లు ఉడికించడానికి, డ్రయర్‌లో గాలి వేడి చేయడానికి. బాయిలర్‌లో మంట ఊకది. పొగ బాయిలర్ దాటేసరికి ఇంకా 200 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఆ పొగ దారిలో గొట్టాల వరుస పెట్టి, ఫీడ్ పంపు తోసే నీళ్లను ఆ గొట్టాల గుండా బాయిలర్‌కు పంపిస్తే అది ఎకనమైజర్. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ గ్రీన్ 1845లో పేటెంట్ తీసుకున్న సంగతి ఇది, కొత్తదేం కాదు.

లెక్క: ఫీడ్ నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం నూటికి ఒకటి మిగులుతుంది. గంటకు 4 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్ తీసుకోండి. కిలో ఊకకు 3.2 కిలోల ఆవిరి అనుకుంటే గంటకు 1,250 కిలోల ఊక కావాలి. ట్యాంకులో 60 డిగ్రీలున్న నీళ్లు ఎకనమైజర్ దాటేసరికి 96 అయ్యాయి. 36 డిగ్రీలు, అంటే 6 శాతం, అంటే గంటకు 75 కిలోలు. రోజుకు 20 గంటలు నడిస్తే టన్నున్నర.

"ఊక మా మిల్లుదే కదా, ఫ్రీ" అనేవాళ్లుంటారు. 100 క్వింటాళ్ల వడ్లకు సుమారు 20 క్వింటాళ్ల ఊక వస్తుంది. మిగిలిన ఊకను ఇటుక బట్టీలు కొంటాయి, పవర్ ప్లాంట్లు కొంటాయి. అమ్ముడుపోయే సరుకును ఫ్రీ అని ఎట్లా అంటాం?

పాడయ్యేది ఎక్కడంటే, ముందు చెప్పుకోవాల్సింది బూడిద. ఊకలో దాదాపు అయిదో వంతు బూడిదే, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. పొగ వేగంగా పోతుంటే గొట్టాల మొదటి వరుసను, వంపులను ఇసుక కాగితం పెట్టినట్టు అరగదీస్తుంది. అందుకే ఊక బాయిలర్‌కు రెక్కల గొట్టాలు పెట్టవద్దు. రెక్కల మధ్య బూడిద కూరుకుంటుంది, నున్నటి గొట్టాలే నయం. మొదటి వరుసకు ఇనుప షీల్డ్ వేయించాలి. గుర్తు పట్టేది ఇట్లా: ఎకనమైజర్ దాటిన పొగ వేడి వారం వారం పెరుగుతుంటే గొట్టాల మీద బూడిద పేరుకుంటున్నట్టు. ఎకనమైజర్‌కు ముందూ వెనకా పొగ ప్రెషర్‌ను యు ఆకారపు గొట్టం మానోమీటర్‌తో చూసినప్పుడు తేడా పెరిగితే దారి మూసుకుపోతున్నట్టు. పొగను లాగే ఐడీ ఫ్యాన్ ఆంపియర్లు పెరిగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

రెండోది పంపు. ఆన్-ఆఫ్ పద్ధతిలో నడిచే ఫీడ్ పంపు ఆగినప్పుడల్లా ఎకనమైజర్‌లో నీళ్లు నిలుస్తాయి, పొగ మాత్రం ఆగదు. లోపలే ఆవిరి పుడుతుంది, మళ్లీ పంపు ఆన్ కాగానే దబ్ దబ్ మని కొడుతుంది. ఆ దెబ్బలకు వెల్డింగులు పగులుతాయి. పంపుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్) పెట్టి నీళ్లు ఆగకుండా పోయేట్టు చూడాలి. బయటికొచ్చే నీళ్ల వేడి, బాయిలర్ ప్రెషర్ దగ్గర నీళ్లు మరిగే వేడికి కనీసం 20 డిగ్రీలు తక్కువ ఉండాలి. 10 కిలోల ప్రెషర్‌కు మరిగేది 184 దగ్గర, కాబట్టి 160 దాటనివ్వొద్దు.

వేములపల్లి_ఊకబట్టి
సార్, గొట్టాలకు లోపలి నుంచి సూది గుచ్చినట్టు బొక్కలు పడ్డయి. బూడిద బయట ఉంటది కద, లోపల ఎందుకు పడుతున్నయి?

మిర్యాలగూడ_ఆవిరి
అది ఆక్సిజన్ పని తమ్మీ. చల్లటి నీళ్లలో గాలి కరిగి ఉంటుంది. నీళ్లు ఎకనమైజర్‌లో వేడెక్కగానే ఆ ఆక్సిజన్ విడివడి ఇనుమును చుక్కలు చుక్కలుగా తింటుంది. ఫీడ్ ట్యాంకును 85–90 డిగ్రీల్లో ఉంచితే చాలా భాగం ట్యాంకులోనే పోతుంది. డ్రయర్ నుంచి వచ్చే కండెన్సేట్‌ను (ఆవిరి చల్లారి అయిన నీళ్లను) కాల్వలో వదలకుండా ట్యాంకుకు మళ్లిస్తే సగం పని అయినట్టే. మిగిలిన ఆక్సిజన్‌ను పట్టేయడానికి నీళ్లలో సోడియం సల్ఫైట్ కలపాలి. ట్యాంకు అంత వేడిగా ఉన్నప్పుడు పంపు నీళ్ల మట్టానికి బాగా కింద ఉండాలి, లేకపోతే పంపులోనే ఆవిరి పట్టి నీళ్లు లాగదు. ఇంకో సంగతి, ట్యాంకే వేడిగా ఉంటే ఎకనమైజర్‌కు దొరికే వాటా తగ్గుతుంది. పైన నేను చెప్పిన 36 డిగ్రీలు అప్పుడు రావు. అయినా మొత్తం మీద ఊక తక్కువే పడుతుంది.

నల్లగొండ బోరు నీళ్ల కాఠిన్యం తెలిసిందే. కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ దాటిన నీళ్లలో కాఠిన్యం 5 పీపీఎం (పది లక్షల పాళ్లకు 5) లోపు ఉండాలి. షిఫ్టుకొకసారి టెస్ట్ కిట్‌తో చూడాలి. ఉప్పు వేసి రీజనరేట్ చేసే టైమును గంటలను బట్టి కాదు, టెస్టును బట్టి పెట్టుకోండి. ఒక మాట మర్చిపోవద్దు, ఎకనమైజర్ కూడా బాయిలర్ చట్టం కిందికే వస్తుంది. ఊళ్లో వెల్డర్‌ను పిలిచి గొట్టం అతికించుకునే సరుకు కాదు.

కాచిగూడ_ప్యాసింజర్
రైలు ఎకానమీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 3ఈ అంటే థర్డ్ ఏసీ ఎకానమీ, 2021 సెప్టెంబర్‌లో మొదలైంది. మామూలు థర్డ్ ఏసీ పెట్టెలో 72 బెర్తులు, ఇందులో మొదట 83. లోపల కరెంటు స్విచ్‌గేర్ ఉండే జాగాను పెట్టె కిందికి దించి 11 బెర్తులు కలిపారు. ఛార్జీ 6 నుంచి 8 శాతం తక్కువ. దుప్పటి, దిండు ఇస్తారు. ప్రతి బెర్తుకూ విడిగా ఏసీ గాలి రంధ్రం ఉంటుంది. కాళ్లు చాపుకునే జాగా కొంచెం ఇరుకు. మహబూబ్‌నగర్ నుంచి ఒక రాత్రి ప్రయాణానికి తేడా పదుల రూపాయల్లోనే. పొడుగు మనిషైతే ఆ పదులు మిగుల్చుకోకుండా ఉండటమే మంచిది.

మునుగోడు_మైలేజ్
బైకు డయల్ మీద 40–60 నడుమ ఆకుపచ్చ గీత ఉంటది. అంతకన్నా వేగం పోతే గాలి అడ్డం పడి పెట్రోల్ తాగుతది, బాగ తక్కువ పోతే కింది గేర్లల్ల తాగుతది. గీత కరెక్టే, అది టాప్ గేరుకే లెక్క. మూడో గేరుల 50 పోయి గీతల ఉన్న అనుకునేటోళ్లు మస్తుమంది.

మైలేజ్ కొలిచేది డయల్‌ల చూసి కాదు, ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవాలె. అదే బంకు, అదే పంపు, బండి సెంటర్ స్టాండ్ మీద, గన్ను మొదటిసారి కట్ కాంగనే ఆపాలె. 200 కిలోమీటర్లన్న తిరిగినంక మల్ల అట్లనే. తక్కువొస్తే గాలి చూడుండ్రి, తర్వాత చైను. చైను కింది వైపు నడుమ పట్టి లేపితే 20–30 మిల్లీమీటర్లు ఆడాలె. బిగుసుంటే తాగుతది, బేరింగు సుత పోతది. వెనక చక్రం లేపి చేత్తో తిప్పితే బ్రేకు రాసుకుంట ఆగొద్దు.

ఇప్పుడు బంకుల పోసేది ఈ20 పెట్రోల్, నూటికి 20 పాళ్లు ఇథనాల్. లీటర్ ఇథనాల్‌ల ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. పాత బండ్లకు ఎంత తగ్గుతదో నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌ల రాసిండ్రు: బైకులకు 3–4 శాతం, కార్లకు 6–7 శాతం. మెకానిక్ ఎన్ని ట్యూనింగులు చేసినా ఆ ముక్క వాపస్ రాదు. బండి మీద తప్పు పెట్టకుండ్రి.

పాలమూరు_లెక్కలు
రాష్ట్ర ఎకానమీ గురించి అడిగారు. పేపర్లో వచ్చేది జీఎస్‌డీపీ, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తి. ఒక ఏడాదిలో రాష్ట్రం సరిహద్దు లోపల కొత్తగా చేరిన విలువ అంతా కూడి, ఉత్పత్తుల మీది పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తే వచ్చే అంకె.

చేరిన విలువ అంటే అమ్మకం కాదు. ఆవిరి సార్ మిల్లునే తీసుకుందాం. సర్కారు వడ్లను మరపట్టి ఇచ్చే సీఎంఆర్ పద్ధతిలో 100 క్వింటాళ్ల వడ్లకు పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు అప్పగించాలి. ఆ వడ్లు మిల్లువి కావు. కాబట్టి మిల్లు ఖాతాలో ఆ బియ్యం ధర మొత్తం పడదు. మరపట్టినందుకు వచ్చే కూలి, తన దగ్గర మిగిలే తవుడు, నూక, ఊక విలువ, ఇందులోంచి కరెంటు, గోనె, కెమికల్స్ ఖర్చు తీసేస్తే మిగిలేదే మిల్లు చేర్చిన విలువ. హమాలీ కూలి, ఆపరేటర్ జీతం, యజమాని లాభం అన్నీ అందులోంచి పోయేవే. వడ్ల విలువ రైతు దగ్గరే లెక్కకొచ్చింది, రెండుసార్లు కూడరు.

లెక్కలోకి రానివి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. షాద్‌నగర్ దగ్గర ప్లాటు ఒకరి నుంచి ఒకరికి ఏడాదిలో మూడుసార్లు మారినా ఆ ధర జీఎస్‌డీపీలో చేరదు, బ్రోకర్ కమీషన్ మాత్రం చేరుతుంది. ఇంట్లో తినడానికి దాచుకున్న వడ్లు చేరతాయి. వాటితో ఇంట్లో వండిన అన్నం చేరదు. అదే అన్నం హోటల్లో తింటే చేరుతుంది. సొంత ఇంట్లో ఉంటే మీకు మీరే కిరాయి కట్టుకున్నట్టు ఒక అంకె వేసి కలుపుతారు.

మక్తల్_సంత
సార్, నారాయణపేట, కొడంగల్ దిక్కు నుంచి మందిమి బొంబాయికి, పుణెకు పోతం. ఆ సంపాదన మన జిల్లా లెక్కల వస్తదా, రాదా?

పాలమూరు_లెక్కలు
రాదు. పని ఎక్కడ జరిగితే లెక్క అక్కడే. ముంబైలో స్లాబు పోసిన కూలి మహారాష్ట్ర జీఎస్‌డీపీలో పడుతుంది. ఇంటికి పంపిన డబ్బు అట్లాగే ఇక్కడి అంకెలో చేరదు. ఆ డబ్బుతో మక్తల్‌లో సిమెంటు, బట్టలు కొంటే దుకాణదారు మార్జిన్ వరకు, మేస్త్రీ కూలి వరకు ఇక్కడ పడుతుంది. ఇల్లు నడిచేది వలస డబ్బుతో అయినా జిల్లా అంకెలో దాని ఆనవాలు అంతే.

దీనికి తిరగబడ్డ లెక్క రంగారెడ్డిది. తలసరి ఆదాయంలో రాష్ట్రంలో అన్ని జిల్లాలకన్నా పైన ఉంది. ఐటీ కంపెనీలు ఆ హద్దులో ఉన్నాయి, పనిచేసేవాళ్లలో చాలామంది ఇల్లు ఇంకో జిల్లాలో. రాష్ట్ర తలసరి ఆదాయం 2024-25కు ప్రస్తుత ధరల్లో 3,79,751 రూపాయలని అంచనా వేశారు. దాన్ని అయిదుగురితో గుణించి "మన ఇంటికి 19 లక్షలు రావాలె కదా" అని వాదించేవాళ్లను చూస్తుంటాం. కంపెనీల లాభాలు కూడా అందులోనే ఉన్నాయి, అవి ఎవరి ఇంటికీ నేరుగా రావు. ఇంకోటి, పోయినేడుతో పోల్చేటప్పుడు ప్రస్తుత ధరల అంకెనా, స్థిర ధరల (ఒక పాత ఏడాది ధరల్లో కట్టిన) అంకెనా చూసుకోండి. మొదటి దాంట్లో ధరల పెరుగుదల కూడా కలిసి ఉంటుంది.

దేవరకొండ_సంఘబంధం
సంఘాల మీటింగుల్లో ఇంటి ఎకానమీ అని చెప్తుంటారు. అందులో ఎక్కువగా దెబ్బతినేది వడ్డీ లెక్క దగ్గరే. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చు.

ఫైనాన్స్‌ల వాళ్లు కూడా "రూపాయి వడ్డీయే అక్కా" అని వస్తారు. లక్ష అప్పు, 24 నెలలు, మొత్తం వడ్డీ 24,000, నెలకు 5,167 కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది నెలకు రూపాయి ఎనభై పైసలు పడుతుంది, ఏడాదికి 21.6 శాతం. సంఘంలో రూపాయిన్నర వడ్డీకి తగ్గే అసలు మీద ఇస్తున్న అప్పు దీనికన్నా చౌక. మొదటి నెల 1,500, అసలు సగమయ్యాక 750. ప్రాసెసింగ్ ఫీజు, బీమా అని ముందే కోసుకుంటే చేతికొచ్చేది లక్ష కూడా కాదు, నిజంగా పడే వడ్డీ ఇంకా పైకి పోతుంది. సంతకం పెట్టేముందు రెండే అడగండి: చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి. "ఫ్లాటా (చివరిదాకా మొత్తం అప్పు మీద వడ్డీ), రెడ్యూసింగా (తగ్గే అసలు మీద)" అని అడిగితే ముఖం చూసే జవాబు తెలిసిపోతుంది.

చెల్క_భూమి (నాగర్‌కర్నూల్)
అక్కా, సార్లు, మస్తు సంగతులు దొరికినయి. గేర్‌బాక్స్ అన్నా, ఒక్కటి మిగిలింది. సెకండ్‌హ్యాండ్ బండి చూస్తున్నం. లివర్ మీది అక్షరాలు అరిగిపోయినయి. 540 ఏదో, 540ఈ ఏదో ఎట్ల తెలుస్తది?

జడ్చర్ల_గేర్‌బాక్స్
పనిముట్టు తీసేయి. షాఫ్ట్ మీద తెల్ల టేపు ముక్క అతికించి, చుట్లు కొలిచే లేజర్ టాకోమీటర్ తీసుకో. ఇంజిన్‌ను సరిగ్గ 1,000 ఆర్‌పీఎం కాడ నిలిపి రెండు గేర్లలో చుట్లు చూడు. ఎక్కువ తిరిగేదే 540ఈ. నేను పైన చెప్పిన లెక్క బండికైతే ఒకదాంట్ల 284, ఇంకోదాంట్ల 348 వస్తయి. ఒకవేళ తేడా దాదాపు రెట్టింపు ఉంటే అది 540ఈ కాదు, నిమిషానికి 1000 చుట్ల పీటీవో. దానికి మన రోటావేటర్ తగిలించొద్దు. రెండు దిక్కుల ఒకటే అంకె వస్తే లివర్ లింకేజీ ఊడిపోయి లోపల గేరు మారుతలేదన్నట్టు. బేరం చేసేటప్పుడు ఆ రిపేరు పైసలు తగ్గించి అడుగు.